ఆ సున్నా మార్కుల సన్నివేశం మరోసారి చూడండి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయవాడలో ఒక ఏజెన్సీ తరఫున 21 ఏళ్లపాటు కృష్ణా, గుంటూరు జిల్లాల ఫొటో స్టూడియోలకు, కలర్ ల్యాబులకు ఫొటో పేపరు, రసాయనాలు, ఆల్బముల సామగ్రి అమ్మాను. ఫోన్లలో కెమెరాలు వచ్చాక వ్యాపారం ఏటికేడాది చిక్కిపోయి, చివరికి ఏజెన్సీ మూతపడింది. ఆరు నెలల క్రితం హైదరాబాదులో, దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న కంపెనీలో కస్టమర్ సపోర్ట్ ట్రైనీగా చేరాను. మా టీమ్‌లో నా తర్వాత పెద్దవాడికి 28 ఏళ్లు, టీమ్ లీడర్ అమ్మాయికి 26. అందరూ నన్ను ‘అంకుల్’ అంటారు. మొన్న మా అమ్మాయి ‘ది ఇంటర్న్‌షిప్’ అనే ఇంగ్లిషు కామెడీ సినిమా చూపించింది. నవ్వుకున్నాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. పోయిన నెల తెనాలిలో ఒక మందుల షాపు యజమాని స్టాకు లెక్క తేలక కోపంతో ఫోన్ చేస్తే, అరగంట మాట్లాడి, ఆయనను శాంతింపజేసి, సమస్య తీర్చాను. నెలాఖరు సమీక్షలో ఆ కాల్ నా లెక్కలోకి రానేలేదు, నేను టికెట్ (ఒక్కో కాల్ వివరాలను కంప్యూటర్లో రాసిపెట్టే నమోదు) వేయలేదట. నా అనుభవానికి ఇక్కడ విలువ లేనట్టేనా? ఆ సినిమాలో జరిగినట్టు నిజంగా ఎక్కడైనా జరుగుతుందా? ఈ ఉద్యోగంలో కొనసాగమంటారా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: సినిమా నిజమా కాదా అన్న ప్రశ్నను, తెనాలి కాల్ మీ లెక్కలోకి ఎందుకు రాలేదన్న బాధను మీరు వేర్వేరుగా రాశారు. కానీ ఆ రెండోదానికి జవాబు ఆ సినిమాలోనే ఉంది. మీరు బహుశా నవ్వుకుంటూ దాటేసిన ఒక చిన్న సన్నివేశంలో ఉంది. దాని దగ్గరకు వచ్చేముందు, సినిమా చూడని పాఠకుల కోసం కథ క్లుప్తంగా చెబుతాను.

షాన్ లెవీ దర్శకత్వంలో 2013 జూన్‌లో విడుదలైన ఈ చిత్రంలో బిల్లీ, నిక్ అనే ఇద్దరు స్నేహితులు చేతి గడియారాలు అమ్మే సేల్స్‌మెన్. టైము చూడటానికి జనం చేతిలో ఫోన్ ఉండగా గడియారాలు ఎవరు కొంటారని యజమాని కంపెనీ మూసేస్తాడు, ఆ కబురు కూడా వీళ్లకు ఒక ఖాతాదారు నోటినుంచే తెలుస్తుంది. ఫొటో పేపరు అమ్మిన మీకు ఈ ఘట్టం గురించి నేను వివరించనక్కర్లేదు. ఫొటో ఫిల్ములకు పేరుపడ్డ కోడక్ అంతటి సంస్థే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. ఆ తర్వాత ఈ ఇద్దరూ ఒక ఆన్‌లైన్ విశ్వవిద్యాలయంలో పేర్లు నమోదు చేసుకుని, ఆ అర్హతతో గూగుల్‌లో ఇంటర్న్‌లుగా చేరి, తమకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లతో పోటీ పడతారు. ఆ పాత్రలు వేసిన విన్స్ వాన్‌కు, ఓవెన్ విల్సన్‌కు విడుదల నాటికి 43, 44 ఏళ్లే. అంటే ‘ముసలివాళ్లు’ అని తెర మీద అందరూ ఆటపట్టించిన ఆ ఇద్దరూ మీకంటే చిన్నవాళ్లే. ఇది చదివి మీరు కాస్త నొచ్చుకుంటారేమోనని తెలిసినా రాస్తున్నాను, ఎందుకంటే మీకు నిద్రపట్టకపోవడానికి కారణం అదే అయి ఉండవచ్చునని నా అనుమానం.

ఇక నిజానిజాల సంగతి. గూగుల్ సహకారంతోనే తీసిన సినిమా కనుక ఆ ఆఫీసు స్వర్గంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఉచిత భోజనాలు, జారుడుబల్లలు, రంగురంగుల సైకిళ్లు, ఒకచోట సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్ సైతం తళుక్కున మెరుస్తారు. అయితే మనకు కనిపించే కార్యాలయంలో చాలా భాగం కాలిఫోర్నియాది కానేకాదు, అట్లాంటాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చిత్రీకరించారు. గెలిచిన జట్టుకే ఉద్యోగాలు, మిగిలినవాళ్లు ఇళ్లకు అన్న నియమం కథ రక్తి కట్టడానికి అల్లింది. మిమ్మల్ని బాగా నవ్వించిన ఇంటర్వ్యూ కూడా ఉంది కదా, నాణెమంత సైజుకు కుదించి మిక్సీ గిన్నెలో పడేస్తే ఏం చేస్తారని అడగటం, వీళ్లిద్దరూ గ్రంథాలయంలో కూర్చుని వెబ్‌క్యామ్ ముందు నోటికొచ్చిందల్లా చెప్పడం. చిత్రమేమిటంటే, ఆ సినిమా విడుదలైన నెలలోనే గూగుల్ మానవ వనరుల విభాగాధిపతి లాజ్లో బాక్ ఒక పత్రికా ఇంటర్వ్యూలో, అలాంటి పొడుపుకథల ప్రశ్నలతో అభ్యర్థి గురించి ఏమీ తెలియదని, అవి శుద్ధ కాలహరణమని తేల్చి చెప్పారు.

సినిమా తాకకుండా వదిలేసిన చేదు వాస్తవం ఇంకొకటి ఉంది. నలభై దాటినవారిపై ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని అమెరికాలో 1967లోనే చట్టం వచ్చింది. అదే చట్టం కింద, వయసు కారణంగా తమను తీసుకోలేదంటూ నలభై దాటిన అభ్యర్థులు వేసిన దావాలో గూగుల్ 2019లో 227 మందికి సంబంధించి 1.1 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. వివక్ష చూపామన్న ఆరోపణను మాత్రం సంస్థ అంగీకరించలేదు. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగాల విషయంలో అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. అందుచేత, 47 ఏళ్ల వయసులో కొత్త రంగంలో మిమ్మల్ని ట్రైనీగా తీసుకున్న కంపెనీ చిన్నదైనా, జీతం తక్కువైనా, మీకు దొరికిన ఆ అవకాశం చౌకైనది కాదని గుర్తించండి. ఇది కృతజ్ఞతతో తల వంచుకుని ఉండమని చెప్పడం కాదు, తొందరపడి వదులుకోవద్దని చెప్పడం.

ఇప్పుడు అసలు సన్నివేశం. జట్లకు పెట్టే పోటీల్లో ఒకటి సాంకేతిక సహాయ కేంద్రంలో ఫోన్లకు జవాబులివ్వడం. బిల్లీ దానికోసం నిజంగా కష్టపడతాడు. భోజనశాలలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడని ఒక కుర్రాడి దగ్గర రాత్రుళ్లు కూర్చుని పాఠం నేర్చుకుంటాడు. తీరా ఫోన్ల ముందు కూర్చున్నప్పుడు అతని ప్రతాపం చూడాలి: అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెబుతాడు, నవ్విస్తాడు, సమస్య తీరుస్తాడు. ఫలితాల్లో మాత్రం అతనికి సున్నా. కాల్స్‌ను సమీక్ష కోసం నమోదు చేయవలసిన పద్ధతిలో నమోదు చేయలేదు కాబట్టి, అతను చేసిన పనంతా చేయనట్టే లెక్క. జట్టు ఓడిపోతుంది, తనవల్లే ఓడిందన్న సిగ్గుతో బిల్లీ అక్కడినుంచి వెళ్లిపోతాడు.

మీ తెనాలి కాల్ అచ్చంగా ఇదే. మీరు దాన్ని అనుభవానికి జరిగిన అవమానంగా రాశారు, నాకు మాత్రం అది అలా కనిపించడం లేదు. మీ టీమ్ లీడర్ మీ మాటకారితనాన్ని కాదనలేదు, ఆమెకు అది కనిపించనే లేదు. ఆమె ముందున్న తెర మీద టికెట్ల వరుస మాత్రమే ఉంటుంది: ఎవరు అడిగారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు మూసేశారు. రేపు అదే మందుల షాపు వారు మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తేది మీరు కాకపోవచ్చు. ఎత్తిన కుర్రాడికి పాత వివరాలేవీ దొరక్క, ఆయన చేత మొదటినుంచీ కథంతా చెప్పించుకుంటాడు. మీరు అరగంట కష్టపడి చల్లార్చిన కోపం అక్కడ రెండు నిమిషాల్లో మళ్లీ రాజుకుంటుంది. ఫొటో పేపరు అమ్మిన రోజుల్లో ఏ స్టూడియోకు ఎన్ని పెట్టెలు ఇచ్చారో, ఎంత బాకీ ఉందో మీ చేతి పుస్తకంలో రాసుకునేవారు కాదా? ఆ పుస్తకం ఇప్పుడు మీ జేబులోంచి అందరి మధ్యకూ వచ్చింది, అంతే తేడా.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకుంటే మీకు నా మాట మీద కాస్త నమ్మకం కుదురుతుందేమో. మా పత్రికా కార్యాలయంలో ఏళ్లతరబడి మేమందరం, ఆ ఫాంట్లు ఉన్న కంప్యూటర్లోనే తెలుగుగా కనిపించే పాత ‘అను’ ఫాంట్లలోనే టైపు చేసేవాళ్లం. వేళ్లు చూడకుండానే అక్షరాలు వెతుక్కునేవి. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌కు అందరూ మారాలని ఆదేశం వచ్చేనాటికి నాకు 49 ఏళ్లు. కొత్త కీబోర్డు మీద ఒక ఒత్తు పడటానికి మూడుసార్లు చెరిపి కొట్టవలసి రావడంతో విసిగి, ‘రాసే విషయం ముఖ్యం గానీ ఏ ఫాంటయితేనేం’ అనుకుని పాత పద్ధతిలోనే వ్యాసాలు కొట్టి పంపుతూ వచ్చాను. అవి ఏ ఆటంకమూ లేకుండా వెబ్‌సైటులోనూ వస్తుండటంతో నా వాదమే నెగ్గిందనుకున్నాను. మూడు నెలల తర్వాత ఒకరోజు, డెస్కులో పనిచేసే 23 ఏళ్ల కుర్రాడు సెలవు పెట్టిన సాయంత్రం, నా వ్యాసం తెర మీద ఇంగ్లిషు అక్షరాలు, గీతలు, చుక్కలు కలగలిసిన చెత్తగా ప్రత్యక్షమైంది. అంతవరకు ప్రతి రాత్రీ డ్యూటీ అయ్యాక ఆ అబ్బాయి కూర్చుని నా వ్యాసాన్ని మార్చి, విరిగిన ఒత్తులు ఒక్కొక్కటే సరిచేసి పెడుతున్నాడట. పెద్దవాణ్ణి, నొచ్చుకుంటానని నాకు చెప్పలేదు. నేను స్వాభిమానం అనుకున్నదాని బరువు మోసింది అతని మెడ. మర్నాడు అతని దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను, వారం పట్టింది.

మీ ఆఫీసులోనూ మీరు నమోదు చేయని కాల్స్‌ను ఎవరో నమోదు చేసి ఉండవచ్చు, లేదా మీవల్ల టీమ్ సగటు తగ్గితే మీ టీమ్ లీడర్ పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకుని ఉండవచ్చు. ఒకసారి కనుక్కోండి. సినిమాలో ‘ఆన్‌లైన్’ అనే మాటను బిల్లీ ఎప్పుడూ తప్పుగానే పలుకుతుంటాడు, కుర్రాళ్లు తలలు పట్టుకుంటారు, మనం నవ్వుతాం. మాట తప్పు పలికితే నిజ జీవితంలో ఎవరి కొంపా మునగదు. కానీ మనం నేర్చుకోని చిన్న పని పక్కవాడి నెత్తిన పడుతుంది, పైగా పెద్దరికాన్ని చూసి వాళ్లు ఆ సంగతి మనతో అనరు.

అలాగని మీ 21 ఏళ్ల అనుభవం వృథా అని నేను అనడం లేదు. సినిమా చివరి పోటీని గుర్తుచేసుకోండి. గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే వ్యాపారాన్ని ఒకదాన్ని ఒప్పించి తేవాలన్నప్పుడు, తిరిగివచ్చిన బిల్లీ జట్టును ఇంటర్నెట్ గడపే తొక్కని ఒక పిజ్జా దుకాణానికి తీసుకువెళతాడు. యజమాని తన పద్ధతి చెడుతుందేమోనని భయపడుతున్నాడని పసిగట్టి, ఆ పద్ధతి పోగొట్టుకోకుండానే ఎక్కువమందికి చేరవచ్చునని నచ్చజెబుతారు. ఈ భయాన్ని పసిగట్టడం ఏ శిక్షణ తరగతిలోనూ నేర్పరు. సాయంత్రం ఏడు గంటలకు మందుల షాపులో జనం కిక్కిరిసి ఉంటారని, ఆ వేళ ‘మీ సిస్టమ్‌ను ఒక పదిహేను నిమిషాలు మాకు వదలండి’ అనడం తిట్లు కొనితెచ్చుకోవడమేనని మీకు తెలుసు. ‘సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదు’ అని అరిచే యజమానికి అసలు బాధ సాఫ్ట్‌వేర్ కాదని, కౌంటర్లో కూర్చున్న బావమరిది చేతిరాత బిల్లులు ఇచ్చి కంప్యూటర్లో ఎక్కించడం లేదని మీరు పది మాటల్లో పట్టేయగలరు. ఇరవై మూడేళ్ల కుర్రాడు అదే కాల్‌లో ఒక గంటపాటు లేని లోపం కోసం వెతుకుతాడు. కాబట్టి ఇలాంటి సంగతులను టికెట్‌లోనే రాయండి: ‘ఉదయం 11 లోపు మాత్రమే ఫోన్ చేయాలి’, ‘చేతి బిల్లులు ఎక్కించడం లేదు, బావమరిదితో మాట్లాడాలి’. ఆరు నెలల్లో మీ టికెట్లు చదవడానికే పక్కవాళ్లు రావడం మొదలవుతుంది. మీ అనుభవం గురించి మీటింగులో ఉపన్యసించడం కంటే ఇది వంద రెట్లు నయం. ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టిన వాక్యం చివరిదాకా వినే ఓపిక మనకూ ఆ వయసులో ఉండేది కాదు కదా. బిల్లీ కూడా తన చిన్ననాటి సినిమా ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుని కుర్రాళ్లకు ఉత్తేజం కలిగించబోతే, వాళ్లు ఆ సినిమా పేరే వినలేదన్నట్టు చూస్తారు.

‘అంకుల్’ అన్న పిలుపు గురించి మీరు ఒక్క వాక్యమే రాసినా, అది మిమ్మల్ని బాగానే గుచ్చుతున్నదని అర్థమైంది. హైదరాబాదు ఆఫీసుల్లో ‘అన్నా’, ‘సార్’, ‘గారు’ అన్నీ నడుస్తాయి, వాటిలో మీకు నచ్చినదేదో చెబితే తప్పకుండా మారుస్తారు. అయితే అందరిముందూ కాకుండా, టీ తాగేచోట ఒకరిద్దరితో నవ్వుతూ అనండి, మిగిలినవాళ్లకు ఆ మాట దానంతటదే చేరుతుంది. దానికి ముందు మీరు మీ టీమ్ లీడర్ అమ్మాయిని ఏమని పిలుస్తున్నారో ఆలోచించండి. ‘ఏమ్మా’, ‘తల్లీ’ అని ఆప్యాయంగానే అంటూ ఉండవచ్చు. కానీ పదిమంది ఉన్న మీటింగులో టీమ్ లీడర్‌ను ‘తల్లీ’ అంటే, మీరు ఆమె పదవిని మీ ఇంటి వరండాలోకి దించేసినట్టు ఆమెకు తోస్తుంది. పేరు చివర ‘గారు’ చేర్చి పిలవండి. మీరు ఆమెను గారు అన్న రోజున ఆమె నోట అంకుల్ అన్న మాట అంత తేలిగ్గా రాదు.

సినిమాలో నాకు నచ్చనిది, మీరు అనుకరించవద్దని గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఆ ఇద్దరూ కుర్రాళ్ల మన్నన పొందడానికి మొదట్లో తమను తామే నవ్వులపాలు చేసుకుంటారు. కుర్రాళ్లు ఆటపట్టించడానికి లేని ఒక ప్రొఫెసర్‌ను వెతకమని స్టాన్‌ఫర్డ్‌కు పంపితే వెళ్లి, అక్కడ తన్నులు తిని వస్తారు. తెర మీద అది హాస్యం. ఆఫీసులో ‘నాకు కంప్యూటర్ రాదమ్మా, పాతకాలం మనిషిని’ అని రోజూ నవ్విస్తూ పోతే, నాలుగు నెలల్లో అదే మీ గుర్తింపుగా స్థిరపడుతుంది, కష్టమైన కాల్ వచ్చినప్పుడు మీ వైపు ఎవరూ చూడరు. తెలియనిది తెలియదని మామూలు గొంతుతో అడగండి. ఒకే సంగతి రెండోసారి అడగవలసి వస్తుందేమోనని భయముంటే మొదటిసారే కాగితం మీద రాసుకోండి. కథలో ఆ జట్టుకు స్నేహం కుదిరేది ఒక రాత్రి క్లబ్బులో తాగి గంతులేశాక. ఆ ఘట్టం సినిమాలోకెల్లా బలహీనమైనదని నా అభిప్రాయం. మీకైతే షిఫ్టు అయ్యాక గేటు బయట పావుగంట ఇరానీ చాయ్ సరిపోతుంది, బిల్లు మాత్రం ప్రతిసారీ మీరే కట్టకండి, వాళ్లనూ కట్టనివ్వండి.

ఇదే ఇతివృత్తంతో 2015లో నాన్సీ మేయర్స్ తీసిన ‘ది ఇంటర్న్’ ఉంది, చాలామంది అదే మెరుగైన సినిమా అంటారు. రాబర్ట్ డి నీరో అందులో 70 ఏళ్ల విశ్రాంత ఉద్యోగి, ఫోన్ డైరెక్టరీల సంస్థలో జీవితమంతా పనిచేసి, బ్రూక్లిన్‌లో ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ఒక కొత్త కంపెనీలో ఇంటర్న్‌గా చేరతాడు. సినిమాగా అది హుందాగా ఉంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పెద్దాయనకు ఉద్యోగం కావలసింది పొద్దుపోక. నెలాఖరున అద్దె కట్టడానికి కాదు. పని లేకుండా రోజంతా ఎదురుచూస్తూ కూర్చోగలిగిన ఓర్పు అతనికి అందుకే సాధ్యమైంది. ఇంట్లో చదువుకునే కూతురు, తగ్గిన జీతం ఉన్న మీకు, కుంటి హాస్యమున్నా సరే, పని లేకపోతే గడవని బిల్లీ, నిక్‌ల కథే దగ్గరిది. మీ అమ్మాయి సరైన సినిమానే చూపించింది.

కొనసాగమంటారా అని అడిగారు. కొనసాగండి, కనీసం ఏడాది నిండేవరకు. అప్పటికి మీ పేరు మీద లెక్కకు వచ్చే టికెట్లు కొన్ని వందలు ఉంటాయి. ఆ లెక్క చేతిలో ఉన్నప్పుడు జీతం గురించి మాట్లాడటానికైనా, సాఫ్ట్‌వేర్ అమ్మే విభాగానికి మారతానని అడగటానికైనా మీకు ఆధారం దొరుకుతుంది. నిజానికి మీకు తగిన చోటు సేల్స్ విభాగమే. దుకాణదారుల ముందు కూర్చుని మాట్లాడటమే మీ వృత్తి, అయితే అక్కడికి వెళ్లే దారి ఇప్పుడున్న కుర్చీ మీదుగానే ఉంది. ఒకవేళ ఏడాది తర్వాత కూడా మీరు నమోదు చేసిన పనిని లెక్కలోకి తీసుకోకుండా, కేవలం వయసును బట్టే పక్కన పెడుతున్నారని తేలితే, అప్పుడు ఆ లెక్కలతోనే మరోచోట దరఖాస్తు చేసుకోండి.

అంతకంటే ముందు, రేపు ఉదయం ఆఫీసుకు వెళ్లగానే తెనాలి కాల్‌కు ఒక టికెట్ తెరవండి. దాన్ని పాత తేదీతో వేయడానికి ప్రయత్నించకండి. నేటి తేదీయే వేసి, ‘పోయిన నెల వచ్చిన కాల్, అప్పుడు నమోదు చేయలేదు’ అని మొదటి వాక్యంలోనే రాయండి. తర్వాత ఆయన ఏమడిగారు, మీరేం చేశారు, మళ్లీ అదే సమస్య వస్తే ముందు ఏది చూడాలి అన్నది మూడు నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఆ టికెట్ ఎలా మూసేయాలో తెలియకపోతే పక్క కుర్చీలో ఉన్న కుర్రాణ్ణి అడగండి.